బండి బుల్లెమ్మది, కాలు చంద్రరావుది

మా అన్నయ్య చంద్రరావు ఆసుపత్రి నుంచి ఒంటికాలితో ఇంటికి వచ్చిన వారంలోనే ఇన్సూరెన్సు కంపెనీ మనిషి వచ్చాడు. అన్నయ్యని చూడటానికి కాదు, బండిని చూడటానికి. గేదెల పాకలో గోడకి ఆనించి ఉంచిన మోటారు సైకిలు దగ్గర గొంతుక్కూర్చుని, ముందు చక్రం ఎంత వంగిందో, హెడ్‌లైటు ఎలా పగిలిందో, ట్యాంకు మీద సొట్టలు ఎక్కడెక్కడ పడ్డాయో చేత్తో తడిమి మరీ చూశాడు. అటు నుంచీ ఇటు నుంచీ ఫొటోలు తీశాడు. వసారాలో మంచం మీద, మోకాలి కింద కట్టుతో పడుకున్న మనిషిని దాటుకుంటూ లోపలికి వెళ్ళాడు, దాటుకుంటూ బయటికి వచ్చాడు. మా వదిన బుల్లెమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "బండికి గట్టి దెబ్బే తగిలిందండి" అన్నాడు జాలిగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. "బండికేనా?" అన్నాను.

అతను తెల్లమొహం వేశాడు. "నేను వెహికల్ సర్వేయర్నండి. మనిషి నా డిపార్ట్‌మెంటు కాదండి."

అప్పటికి మాకు తెలియలేదు గానీ, మనిషి ఆ కంపెనీలో ఎవరి డిపార్ట్‌మెంటూ కాదు.

నా పేరు సూర్యకళ. రాజమండ్రిలో ఒక స్కూల్లో ఆఫీసు పని చూస్తాను. నాకు కోపం ఎక్కువని ఇంటా బయటా అందరూ అంటారు. అననివ్వండి. మా వదినకి జరిగింది విన్న తర్వాత కూడా కోపం రానివాళ్ళు ఉంటే, వాళ్ళకే ఏదో లోపం ఉన్నట్టు.

మా వదినది గోదారి గౌతమి పాయకి అవతలి ఒడ్డున లంక ఊరు. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. పదిహేడేళ్ళకి కడియం పక్కన మా ఊరికి కోడలిగా వచ్చింది. మా వైపు సగం మంది బతుకులు పూలతోటల మీదే నడుస్తాయి. ఉన్నవాళ్ళు సొంత భూమిలో వేస్తారు, లేనివాళ్ళు కౌలుకి చేస్తారు. మేం లేనివాళ్ళం. లిల్లీ, కనకాంబరం, చలికాలం వస్తే చామంతి. చీకటి విడకముందే కోసి, తడిగుడ్డల్లో మూటలు కట్టి, ఎండ పొడవకముందే మార్కెట్టుకి చేర్చాలి. కాస్త ఆలస్యమైతే అవే పూలని అడిగేవాడు ఉండడు. అందుకని మా ఊళ్ళో మోటారు సైకిలు షోకు కాదు. నాగలి ఎలాగో బండీ అలాగే.

వదినకి ఒక గుణం ఉంది. ఎవరు ఏం చెప్పినా గంగిరెద్దులా తలాడించే రకం కాదు. తెలియనిది అడుగుతుంది. అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడుతుంది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఈ గుణం వల్ల మా అమ్మ చేత బోలెడు తిట్లు తింది. "నోరా, తూమా?" అనేది మా అమ్మ. ఎన్ని తిట్టినా ఆ నోరు మూతపడలేదు. నాకు వదిన మొదటి నుంచీ నచ్చింది అందుకే.

అన్నయ్య మొదటి బండి కొన్నది తొంభై రెండులో. ఎవరో వాడి పడేసిన పాత మోపెడ్డు. దాని ఇన్సూరెన్సు రాయడానికి ముసలయ్య గారు అనే ఏజెంటు సైకిలు మీద ఇంటికే వచ్చేవారు. పేరే ముసలయ్య, అప్పటికి ఆయనకి నలభై కూడా దాటలేదు. అరుగు మీద కూర్చుని, సంచిలోంచి పుస్తకం తీసి, కార్బను పేపరు సర్దుకుని, ముందుగా ఒక్కటే అడిగేవారు.

"బండి ఎవరు తోల్తారు?"

"నేనేనండి" అనేవాడు అన్నయ్య.

"అయితే విను చంద్రరావూ. ఇది థర్డ్ పార్టీ. ఈ కాగితం నీ కోసం కాదు, నువ్వు గుద్దేవాడి కోసం. నువ్వు పడితే నీకేమీ రాదు."

"అలాగైతే గుద్దించుకునేవాణ్ణే కట్టమనండి" అనేవాడు అన్నయ్య. ముసలయ్య గారు పడీపడీ నవ్వేవారు. ఏటా అదే మాట, ఏటా అదే నవ్వు. ఆ కాగితాన్ని అన్నయ్య ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీటు కింద దాచేవాడు. వేమగిరి దగ్గర పోలీసు ఆపితే తీసి చూపించడానికి తప్ప, దాని వల్ల ఇంకో ప్రయోజనం ఉంటుందని మా ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. ముసలయ్య గారు చెప్పింది చేదు మాటే. కానీ డబ్బు పుచ్చుకోకముందే చెప్పారు. ఇప్పుడు తలచుకుంటే ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆ మోపెడ్డు మూడుసార్లు కాలవలో పడింది. రెండు వానాకాలాలు వరుసగా గోదారి పొంగి, అన్నయ్య పేరు మీద కౌలు రాసిన తోట మునిగిపోయింది. మూడో ఏడు భూమిగల రైతు ఎవరి సలహా మీదో కౌలు కాగితం వదిన పేరున రాశాడు. ఆ ఏడు లిల్లీ విరగపూసింది, పెళ్ళిళ్ళ సీజనులో ధర పలికింది. వదిన పేరున కొన్న గేదె పెయ్యదూడని వేసింది. ఇంక చెప్పాలా? బుల్లెమ్మ పేరు కలిసొస్తుందని ఇంట్లో అందరూ తీర్మానించేశారు. గ్యాసు కనెక్షను బుల్లెమ్మ పేరు, చీటీ బుల్లెమ్మ పేరు.

ఇది మా ఇంటి పిచ్చి మాత్రమే అనుకోకండి. మా వైపు ఏ ఊళ్ళో అయినా పది బండ్లు ఆపి చూడండి, సగం ఆడవాళ్ళ పేర్ల మీదే ఉంటాయి. భార్య పేరో, తల్లి పేరో, కూతురి పేరో. వాళ్ళల్లో ఒక్కరు కూడా హ్యాండిలు పట్టుకుని ఎరగరు. పేరు కలిసొస్తే చాలు, బండి ఎవరు తోలితే ఏంటి అన్నది మా లెక్క.

తొంభై తొమ్మిదిలో అన్నయ్య కొత్త మోటారు సైకిలు కొన్నప్పుడు, రాజమండ్రి షోరూములో వాళ్ళిద్దరి వెంట నేనూ ఉన్నాను. "ఎవరి పేరు మీద రాయమంటారండీ?" అని అడిగితే అన్నయ్య ఛాతీ విరుచుకుని "పిల్లి బుల్లెమ్మ" అన్నాడు. పిల్లి మా ఇంటి పేరు. కౌంటరు వెనక కుర్రాడు కిసుక్కున నవ్వాడు. వదిన వాడి వంక ఒక్క చూపు చూసింది. వాడు గబగబా రాసేశాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి బండి బయటికి తీశారు. వదిన వెనక ఒక పక్కకి కూర్చుని ఊరిదాకా అన్నయ్యకి డ్రైవింగు నేర్పుతూనే ఉంది. "మెల్లగా! బండి నాది, జాగ్రత్తగా తోలండి." ఆ మాట చాలా ఏళ్ళు మా ఇంట్లో వేళాకోళంగా నడిచింది. బండి నాది అని వదిన దబాయించడం, సొంతదారు గారూ పెట్రోలుకి డబ్బులివ్వండి అని అన్నయ్య చెయ్యి చాపడం.

ఈలోగా ఇన్సూరెన్సు మారిపోయింది. కొత్త బండికి థర్డ్ పార్టీ ఒక్కటే కాదు, బండి పాడైతే డబ్బిచ్చే ఫుల్ ఇన్సూరెన్సు కట్టేవాళ్ళం. ముసలయ్య గారు కంటిచూపు తగ్గి మానేశారు. ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. పుస్తకం పోయి కంప్యూటరు వచ్చింది, అరుగు పోయి ఏసీ గది వచ్చింది. షోరూములోనే ఒక మూల గాజు బల్ల వేసి, గణేష్‌బాబు అనే అతన్ని టై కట్టి కూర్చోబెట్టారు. అతను చెడ్డవాడని చెప్పను. మాట మెత్తన. "మేడం గారూ" అని తప్ప వదినని ఇంకోలా పిలిచేవాడు కాదు. గడువు వారం ఉందనగానే ఫోన్ చేసేవాడు. మా ఇంట్లో ఫోన్ లేని రోజుల్లో పక్కింటి వాళ్ళకి చేసి మరీ పిలిపించేవాడు. డబ్బు కట్టించుకోవడంలో వాళ్ళ శ్రద్ధకి ఎక్కడా వంక పెట్టలేం.

రెండు వేల మూడులో రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు కాగితంలో ఒక కొత్త వరస కనిపించింది. యాభై రూపాయలు. అదేంటని వదిన అడిగింది.

"ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవరండి మేడం గారూ. బండి మీద వెళ్తూ పొరపాటున ఏదన్నా అయితే మీ ఫ్యామిలీకి లక్ష రూపాయలండి. కాలో చెయ్యో పోతే సగం అండి. ఇదివరకు తోలేవాడికి ఏమీ ఉండేది కాదు కదండీ. ఇప్పుడు రూలు మార్చారండి."

"మంచిదే. కానీ నేను తోలను కదా బాబూ. తోలేది ఆయన. నా పేరున ఎందుకూ?"

"కంపల్సరీ అండి. అందరికీ వేస్తారండి."

"ఆయన తోల్తే ఆయనకి వస్తుందా?"

గణేష్‌బాబు అప్పటికే ప్రింటు నొక్కేశాడు. "మీ బండేగా మేడం గారూ. అన్నీ కవరవుతాయండి."

ఈ మాటలు నా చెవులతో విన్నాను. వదిన అడిగింది. రెండుసార్లు అడిగింది. మా బుద్ధిలేనితనం వల్ల జరిగిందని తర్వాత మా బంధువుల్లో కొందరు పెద్దమనుషులు సన్నాయి నొక్కులు నొక్కారు కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. ఐదో తరగతి చదివిన మనిషి అడగాల్సింది అడిగింది. డిగ్రీ చదివి టై కట్టుకున్న మనిషి జవాబు చెప్పకుండా బటన్ నొక్కాడు. ఏటేటా ఆ వరస కాగితంలో పడుతూనే ఉంది, మేం కడుతూనే ఉన్నాం.

రెండు వేల ఆరు డిసెంబరు. వరి కోతలు అయిపోయాయి. మా వైపు ధాన్యం ఆరబెట్టడానికి కళ్ళాలు చాలక రోడ్ల మీదే పోస్తారు. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తారు. ధాన్యం ఎత్తుకుపోయేటప్పుడు రాళ్ళు తీసెయ్యాలన్న జ్ఞానం మాత్రం కొందరికి ఉండదు. ఆ తెల్లవారుజామున కాలవగట్టు మీద మంచు దట్టంగా ఉంది. అన్నయ్య చామంతి మూటలు వేసుకుని మార్కెట్టుకి వెళ్తూ ఒక రాయి మీదకి ఎక్కించేశాడు. బండి అడ్డం తిరిగి కల్వర్టు గోడకి కొట్టుకుంది. గోడకీ బండికీ మధ్య అన్నయ్య కుడికాలు నలిగిపోయింది. రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టర్లు చెయ్యగలిగింది చేశారు. మోకాలి కింద తీసెయ్యక తప్పలేదు.

అన్నయ్య కూతురు రామతులసి అప్పుడు రాజమండ్రిలో నా దగ్గర ఉండి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. లెక్కల్లో చురుకు. ఇంజనీరింగుకి పంపాలని వదిన కోరిక. తండ్రి కాలు పోయిన మర్నాటి నుంచే ఆ పిల్ల కాలేజీ మానేసి ఊరికి వెళ్ళిపోయింది. పూలు ఎవరో ఒకరు కోయాలి కదా. వదిన ఆసుపత్రిలో ఉంటే తులసి తోటలో ఉంది. పక్కింటి వాళ్ళ బండి వెనక మూటలు పట్టుకుని మార్కెట్టుకి వెళ్ళొచ్చింది. ప్రాక్టికల్స్ ఫిబ్రవరిలో, పరీక్షలు మార్చిలో. "ఈ ఏడు వదిలేస్తాలే అత్తా" అంది నాతో, చాలా తేలిగ్గా.  ఒక ఏడు వదిలేసిన ఆడపిల్లలు మళ్ళీ కాలేజీ గుమ్మం తొక్కడం మా ఊళ్ళో నేను చూడలేదు.

వదినా చూడలేదు. అందుకే ఆసుపత్రి వరండాలోనే లెక్క వేసేసుకుంది. "కాలు పోతే సగం అన్నాడు కదా ఆ అబ్బాయి. యాభై వేలు. దాంతో ఒక మనిషిని జీతానికి పెట్టుకుందాం. వాడు మార్కెట్టు చూసుకుంటాడు, నేను తోట చూసుకుంటాను. తులసిని నువ్వు తీసుకుపో." మా ఆశంతా ఆ కాగితం మీదే పెట్టుకున్నాం.

బండి డబ్బు చకచకా వచ్చింది. చక్రానికింత, ఫోర్కుకింత, హెడ్‌లైటుకింత. పగిలిన అద్దానికి కూడా లెక్క కట్టి ఇచ్చారు. అన్నయ్య కాలు గురించి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. జనవరి చివర్లో వదినా నేనూ రాజమండ్రిలో వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాం.

మేనేజరు రంగరాజు గారు మర్యాదస్థుడు. కుర్చీలు వేయించారు, మంచినీళ్ళు తెప్పించారు. ఆ మర్యాద చూసి పని అయిపోయినట్టే అనుకున్నాను. ఆయన కంప్యూటర్లో ఏదో చూసి, గొంతు సవరించుకున్నారు.

"చాలా బాధాకరమండి. కానీ ఈ కవరు ఓనర్ డ్రైవర్‌కండి. బండి ఓనరు మీరు. ఆ రోజు నడిపింది మీవారు. ఆయన ఓనరు కాదు కదండీ."

వదిన కంగారుపడలేదు. "అంటే, నేను తోలుంటే వచ్చేదాండి?"

"మీకు లైసెన్సు ఉందాండి?"

"లేదండి."

"అయితే రాదండి. ఓనరుకి లైసెన్సు ఉండి తీరాలి."

వదిన ఒక్కో వేలూ మడుస్తూ లెక్క పెట్టింది. "ఆయన తోల్తే ఓనరు కాదు కాబట్టి రాదు. నేను తోల్తే లైసెన్సు లేదు కాబట్టి రాదు. మరి ఎవరు తోల్తే వస్తుందండి?"

రంగరాజు గారు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టారు. "అసలు రూలు ప్రకారం లైసెన్సు లేని ఓనరుకి ఈ కవరు వెయ్యకూడదండి."

"వేశారు కదండీ. నేను తోలనని మీ మనిషికి చెప్పాను కూడాను. ఏటా కట్టించుకున్నారు."

"సిస్టమ్ వేసేస్తుందండి. దానంతటదే పడిపోతుంది."

నేను ఇంక ఆగలేకపోయాను. "తీసుకునేటప్పుడు దానంతటదే పడిపోయింది. ఇచ్చేటప్పుడు మాత్రం ఇంతమంది కూర్చుని వెతికి వెతికి ఆపారా? డబ్బు పుచ్చుకునేటప్పుడు అడగని లైసెన్సు ఇప్పుడెందుకు గుర్తొచ్చిందండీ?"

"మేడం, మీరు ఆవేశపడకండి."

ఆవేశపడకండి అంటే నాకు ఇంకా ఆవేశం వస్తుంది. అయినా తమాయించుకున్నాను. "పోనీ, థర్డ్ పార్టీ కిందన్నా చూడండి. ఓనరు మా వదిన. మీ లెక్క ప్రకారం మా అన్నయ్య ఓనరు కాదు. అంటే పరాయివాడే కదా. పరాయివాడికి దెబ్బ తగిలితే ఇస్తారు కదా."

"కుదరదండి. ఓనరు దగ్గర బండి తీసుకుని నడిపినవాడు ఓనరు స్థానంలోకే వస్తాడండి. ఆయన థర్డ్ పార్టీ కిందకి రాడు."

"ఇప్పుడే కదండీ ఓనరు కాదన్నారు!"

"అది ఆ సెక్షనుకండి. ఇది ఈ సెక్షనుకండి."

ఎంత నిదానంగా చెప్పారో చూడండి. ఒకే మనిషి, ఒకే కాలు, ఒకే ఉదయం. ఇవ్వాల్సిన చోట ఓనరు కాదట, ఎగ్గొట్టాల్సిన చోట ఓనరట. ఇలాంటి మాట మా ఊళ్ళో ఎవడైనా పంచాయితీలో చెబితే అక్కడే నిలబెట్టి కడిగేస్తారు. ఏసీ గదిలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని చెబితే దాన్ని చట్టం అనాలి కాబోలు.

వదిన లేచి నిలబడింది. "మేం పూలు కోసుకు బతికేవాళ్ళమే గానీ బాబూ, చెవుల్లో పెట్టించుకునేవాళ్ళం కాదండి" అని, తాగకుండా ఉంచిన మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద మధ్యకి జరిపి బయటికి నడిచింది. గుమ్మం దగ్గర గణేష్‌బాబు ఎదురయ్యాడు, ఏదో పని మీద వచ్చినట్టున్నాడు. వదినని చూసి తల దించుకున్నాడు. "నేను కూడా వాళ్ళు చెప్పమన్నదే చెప్పానండి మేడం గారూ" అన్నాడు. అతన్ని కూడా తిడదామని నోరు తెరిచాను గానీ వదిన నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

పది రోజులు తిరక్కుండానే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పొరపాటున వసూలు చేసిన ప్రీమియం తిరిగి ఇస్తున్నామని ఒక ముక్క, దాంతోపాటు యాభై రూపాయల చెక్కు. ఆ ఒక్క ఏడాదిదే. చింతిస్తున్నాం అని కూడా ఉంది. చెక్కు మీద పేరు బుల్లెమ్మ. అన్నయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నా మూలానే కదా. నీ పేరు, నీ పేరు అని ఎగిరాను" అని మొదటిసారి ఏడ్చాడు. కాలు తీసేసిన రోజున కూడా ఏడవని మనిషి. ఆ ఏడుపుకి ఎవరు లెక్క కడతారు? ఏ సెక్షను కింద కడతారు?

నేను వకీలు దగ్గరికి వెళ్ళాను. కేసు వెయ్యొచ్చు గానీ ఏళ్ళు పడుతుందని, గెలుస్తామని చెప్పలేనని అన్నాడు. ఎన్నేళ్ళు పట్టినా వెయ్యమన్నాను. సంతకం పెట్టాల్సింది వదినే, బండి ఆవిడది కాబట్టి. పెట్టింది. పెట్టి, పెన్ను నా చేతికిస్తూ అంది, "కేసు నీ కోపానికి వేసుకో కళా. తులసి కాలేజీకి అది పనికిరాదు."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. పిల్ల అరచేతులు చామంతి కాడలు తుంచి తుంచి ఆకుపచ్చగా అయిపోయాయి.

తర్వాతి ఆదివారం ఊరికి వెళ్ళేసరికి పాకలో మోటారు సైకిలు లేదు. కంపెనీ డబ్బుతో బాగుచేయించి, దాన్ని ఇచ్చేసి, బదులుగా వదిన పేరునే ఒక మోపెడ్డు తీసుకున్నారట. ముందు మూటలు పెట్టుకోవడానికి వీలుగా ఉండే రకం. వదిన ఇంట్లో లేదు. అన్నయ్య చంకకర్ర ఊతంగా వీధి చివర నిలబడి, లంకలోకి దిగే దారి వైపు చూస్తూ "ఎడం చెయ్యి వదలకు! ముందుకి చూడు, నా వంక కాదు!" అని అరుస్తున్నాడు. ఆ ఇసక దారిలో, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, నలభై రెండేళ్ళ మా వదిన మోపెడ్డు మీద వంకరటింకరగా వస్తోంది. గట్టు మీద కూర్చున్న మగాళ్ళు నవ్వుతున్నారు. పడింది. లేచింది. మోచెయ్యి గీసుకుపోయి రక్తం కారుతుంటే కొంగుతో ఒత్తుకుని మళ్ళీ ఎక్కింది.

"ఎందుకు వదినా ఈ తిప్పలు?" అన్నాను. "జీతానికి మనిషి దొరకలేదా?"

"దొరికాడు. వద్దన్నాను" అంది. అంతకుమించి చెప్పలేదు. ఆ సాయంత్రం తులసి పుస్తకాల సంచి తనే సర్ది, పిల్లని నాతో రాజమండ్రి పంపించేసింది. నేనుంటాను అని తులసి గునిసింది. "నోర్మూసుకుని బస్సెక్కు" అని గదమాయించింది. బస్సు కదిలేదాకా నిలబడి చూసింది.

లెర్నర్సు అయ్యాక, ఏప్రిల్‌లో లైసెన్సు పరీక్షకి వదిన వెంట నేనూ వెళ్ళాను. పరీక్ష పెట్టే బ్రేకు ఇన్‌స్పెక్టరు కాగితాలు చూసి, వదినని ఎగాదిగా చూసి, నవ్వాడు. వరసలో నిలబడ్డ కుర్రాళ్ళు కూడా నవ్వారు.

"ఏమ్మా, ఈ వయసులో నీకు బండెందుకు? ఇంట్లో మగాళ్ళు లేరా?"

"ఉన్నారండి. ఆయనకి ఒక కాలు లేదండి."

"జీతానికి ఎవరినన్నా పెట్టుకోవచ్చుగా?"

"పెట్టుకోవచ్చండి. బండి నా పేరున ఉందండి. ఆ జీతగాడు పడితే వాడి పెళ్ళాం పిల్లలకి పైసా రాదంటండి, వాడు ఓనరు కాదు కాబట్టి. మా ఆయన పడితేనే రాలేదండి." వదిన గొంతులో ఏడుపు లేదు, కోపం కూడా లేదు. మార్కెట్టులో పూల ధర చెప్పినట్టే చెప్పింది. "లైసెన్సు ఉంటే నా కాళ్ళకి వస్తుందని కంపెనీ మేనేజరు గారే చెప్పారండి. మా ఇంట్లో ఖరీదున్న కాళ్ళు నావేనండి. ఈసారి పోతే నావే పోవాలి. పిల్ల చదువు ఆగదు."

కుర్రాళ్ళ నవ్వు ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు తల వంచుకుని కాగితాల మీద ఏదో రాయబోయి, రాయకుండా, ముగ్గుతో గీసిన ఎనిమిది అంకె వైపు చెయ్యి చూపించాడు.   ఒక మనిషి చేత తన కాళ్ళకి తనే ఇలా ఖరీదు కట్టించినవాళ్ళని ఏమని తిట్టాలో, ఊళ్ళో అందరితో పోట్లాడే నాకు ఇప్పటికీ తెలియదు.

వదిన కొంగు బిగించి మోపెడ్డు ఎక్కింది. ఎనిమిది మొత్తం తిరిగి వచ్చింది. ఎక్కడా కాలు కింద పెట్టలేదు.